సెల్టా కోసం అప్పు వద్దు, ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి

ప్రశ్న: ఆరేళ్లుగా ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో పెద్దవాళ్లకు ఇంగ్లీష్‌ను విదేశీ భాషగా నేర్పుతున్నాను. జీతం గంటల లెక్కన వస్తుంది, కాంట్రాక్టు ఏటా రెన్యువల్ చేస్తారు. నెల జీతంలో 85 శాతం ఖర్చులకు పోతుంది, 15 శాతం మిగులుతుంది. ఏడాదిలో రెండు నెలలు మాత్రం క్లాసులు సగానికి తగ్గిపోతాయి. సెల్టా (పెద్దవాళ్లకు ఇంగ్లీష్ నేర్పే టీచర్లకు కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్) చేస్తే సీనియర్ టీచర్ పోస్టుకు నా పేరు పరిశీలిస్తామని, జీతం 10 శాతం పెరగవచ్చని మేనేజర్ అన్నారు. వేరే నగరంలో నాలుగు వారాల ఫుల్‌టైమ్ కోర్సు ఉంది. ఫీజు రెండు నెలల జీతం, ప్రయాణానికీ బసకూ ఇంకో రెండు నెలల జీతం అవుతుంది. రెండేళ్ల గడువుతో, ఏడాదికి 20 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ ఇస్తామన్నారు. నాతో పనిచేసే టీచరే హామీ సంతకం పెడతానంది. నా దగ్గర ఉన్నది నెల జీతంలో 60 శాతం. సీటు పోతుందేమోనన్న టెన్షన్‌తో నెల జీతంలో 30 శాతం అడ్వాన్స్‌గా క్రెడిట్ కార్డు మీద కట్టేశాను. లోన్ రాగానే కార్డు బాకీ తీర్చేస్తాను. తర్వాత దానికి పై స్థాయి డిప్లొమా అయిన డెల్టా కూడా చేయాలని ఉంది. ఇది మంచి పెట్టుబడేనా?

జవాబు: లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా, పెట్టకండి. గంటల లెక్కన జీతం తీసుకునే టీచర్లలో చాలామంది చేసే పొరపాటు మీ ఉత్తరంలో స్పష్టంగా కనిపిస్తోంది. అందుకే దీన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి మీ నెల జీతాన్ని 100 అనుకుందాం. ఖర్చు 85, మిగులు 15. ఈ 15ను చూసుకునే మీరు వాయిదా కట్టగలననే ధైర్యానికి వచ్చారు. కానీ క్లాసులు సగానికి తగ్గే రెండు నెలల్లో మీకు వచ్చేది 50. పది నెలలు 100 చొప్పున 1000, రెండు నెలలకు 100. ఏడాదికి మొత్తం 1100. ఖర్చేమో నెలకు 85 చొప్పున 1020. అంటే సంవత్సరమంతా కష్టపడితే మీకు మిగిలేది 80. నెలకు 7 కూడా లేదు. జీతం నిండుగా వచ్చిన నెలను చూసి బడ్జెట్ వేసుకున్నారు, తప్పు అక్కడే జరిగింది. గంటల జీతం ఉన్నవాళ్లు ఏడాది మొత్తాన్ని 12తో భాగించి ఆలోచించాలి.

ఇప్పుడు లోన్ చూద్దాం. 400 అప్పుకు 20 శాతం వడ్డీ అంటే రెండేళ్ల పాటు నెలకు 20 పైచిలుకు కట్టాలి. ఏడాదికి దాదాపు 244. మీ మిగులు 80. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకెక్కడి నుంచి, మళ్లీ ఆ కార్డు నుంచే వస్తుంది. అదెలా జరుగుతుందో నేను ఎన్నోసార్లు చూశాను. మొదటి నెల సరుకులు కార్డు మీద కొంటారు, రెండో నెల మినిమమ్ డ్యూ మాత్రం కడతారు. ఆర్నెల్లయ్యేసరికి కోర్సు కోసం చేసిన అప్పు ఒకటి, ఇల్లు గడవడానికి చేసిన అప్పు ఇంకొకటి తయారవుతాయి. నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డు మీద బాకీ పెట్టుకుని, దాన్ని 20 శాతం లోన్‌తో తీర్చడాన్ని ప్లాన్ అంటే నేను ఒప్పుకోలేను.

కోర్సు చేసే నాలుగు వారాలు మీకు జీతం ఉండదన్న సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు. అదొక 100. రెండేళ్లలో లోన్‌కు కట్టేది దాదాపు 489. రెండూ కలిపితే 589. మేనేజర్ చెప్పిన 10 శాతం పెంపు నిజంగా వచ్చినా ఈ డబ్బు వెనక్కి రావడానికి కనీసం 59 నెలలు, అంటే దాదాపు ఐదేళ్లు పడుతుంది. అది కూడా వస్తేనే. ‘పరిశీలిస్తాం’ అన్నది హామీ కాదు. పోస్టు ఎప్పుడు ఖాళీ అవుతుంది, గంటకు ఎంత పెంచుతారు, ఏ నెల నుంచి పెంచుతారు, ఫీజులో ఇన్‌స్టిట్యూట్ కొంత భరిస్తుందా అన్నవి ఈమెయిల్‌లో అడగండి. జవాబు కూడా ఈమెయిల్‌లోనే రావాలి. ఫీజు భరిస్తామంటే ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలని షరతు పెడుతున్నారో చదవకుండా ఒప్పుకోవద్దు.

హామీ సంతకం గురించి చెప్పకుండా ఉండలేను. మీ స్నేహితురాలు కూడా అక్కడే, అలాంటి కాంట్రాక్టు మీదే పనిచేస్తోంది. అడ్మిషన్లు తగ్గితే మీ క్లాసులతో పాటు ఆవిడ క్లాసులూ తగ్గుతాయి. మీరు వాయిదా కట్టలేని నెలలోనే ఆవిడ దగ్గరా డబ్బు ఉండదు. మంచి మనసుతో ముందుకొచ్చిన మనిషిని ఇందులోకి దయచేసి లాగకండి.

ఇక నేను ప్రతి ఉత్తరంలోనూ చెప్పేదే, మీకు మరింత గట్టిగా చెప్పాల్సినది: ఎమర్జెన్సీ ఫండ్. మా అక్క ఇరవై ఏళ్లు ఇంగ్లీష్ టీచర్‌గా పనిచేసింది. ఒక ఏడాది గొంతు బొంగురుపోతే మొదట జలుబే అనుకుంది. వేడినీళ్లు తాగుతూ, బోర్డు మీద ఎక్కువ రాస్తూ, మాట తగ్గించుకుంటూ మూడు వారాలు నెట్టుకొచ్చింది. చివరికి డాక్టరు చూసి స్వరతంత్రుల మీద చిన్న బుడిపెలు వచ్చాయని, ఆరు వారాలు గొంతుకు పూర్తి విశ్రాంతి ఇవ్వాలని చెప్పారు. గుసగుసలాడడం కూడా వద్దన్నారు. ఇంట్లో ఏం కావాలన్నా నోట్‌బుక్‌లో రాసి చూపించేది. అక్కకు నెల జీతం కాబట్టి సెలవు పెట్టుకుని గట్టెక్కింది. అదే మీకు జరిగితే? గంట చెప్పకపోతే గంట డబ్బు రాదు. ఆరు వారాల అద్దె, కరెంటు బిల్లు, దాని మీద లోన్ వాయిదా ఎక్కడి నుంచి తెస్తారు? గొంతే మీ జీవనాధారం. దాని వెనకాల మీరు పెట్టుకున్నది నెల ఖర్చుకు కూడా సరిపోని 60.

మీలాంటి కాంట్రాక్టు టీచర్‌కు ఆరు నెలల ఖర్చు, అంటే 510 విడిగా ఉండాలి. మూడు నెలలు చాలన్న మాట ప్రతి నెలా నిండు జీతం వచ్చేవాళ్లకు సరిపోతుందేమో, క్లాసులు సగమయ్యే రెండు నెలలు ముందే తెలిసిన మీకు సరిపోదు. ఇప్పుడొచ్చే మిగులుతో 510కి చేరాలంటే ఐదేళ్లు దాటుతుందని నాకు తెలుసు. అందుకని మొదటి మజిలీగా మూడు నెలల ఖర్చు, 255 పెట్టుకోండి. ముందుగా అడ్వాన్స్‌లో ఎంత వెనక్కిస్తారో సెంటర్‌ను అడగండి. ఏమీ ఇవ్వకపోతే మీ దగ్గరున్న 60లో నుంచి కార్డు బాకీ 30 వెంటనే తీర్చేయండి. మిగిలిన 30తో మొదలుపెట్టండి. వారానికి ఒకరిద్దరికి విడిగా పాఠం చెప్పి నెలకు 8 అదనంగా సంపాదిస్తే, మిగులుతో కలిపి ఏడాదికి 176 అవుతుంది. పదహారు నెలల్లోపు మొదటి మజిలీ చేరతారు. ఆ డబ్బు జీతం పడే ఖాతాలో ఉండకూడదు. కార్డు లేని వేరే ఖాతాలో, కావాలంటే ఒక్క రోజులో తీసుకునేలా ఉంచండి. నిండు జీతం వచ్చే పది నెలల్లో పడిన రోజునే 15 అటు మళ్లించండి. తగ్గే రెండు నెలల్లో లోటు అక్కడి నుంచే పూడుతుంది. నెలాఖరుకు మిగిలితే వేద్దామనుకుంటే ఏమీ మిగలదు.

ఆరోగ్య బీమా సొంతంగా తీసుకోండి, కాంట్రాక్టుతో పోయే పాలసీని నమ్ముకోవద్దు. మీ సంపాదన మీద ఆధారపడ్డవాళ్లు ఉంటే టర్మ్ పాలసీ కూడా ఉండాలి. మ్యూచువల్ ఫండ్ల ఆలోచన ఎమర్జెన్సీ ఫండ్ నిండాక చేద్దాం.

ఇదంతా చదివి కోర్సే వద్దంటున్నానని అనుకోకండి. సెల్టా విలువైన అర్హత. కనీసం 120 గంటల కోర్సులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, శిక్షకులు వెనక కూర్చుని చూసి మీ పాఠంలోని తప్పొప్పులు చెబుతారు. మీరు డబ్బు కట్టేది ఆ పరిశీలనకే. అందుకే ‘120 గంటలు’ అని ప్రకటించుకుని, ఒక్క పాఠం కూడా చెప్పించకుండా సర్టిఫికెట్ ఇచ్చే చౌక ఆన్‌లైన్ కోర్సులకు డబ్బు పోయకండి. పరిశీలనలో పాఠం చెప్పిన అనుభవం లేని సర్టిఫికెట్‌ను చాలా చోట్ల లెక్కలోకి తీసుకోరు. అంకె ఒకటే అయినా సరుకు వేరు.

కానీ సెల్టాను నాలుగు వారాల్లోనే చేయాలన్న నియమం లేదు. నెలల తరబడి సాగే పార్ట్‌టైమ్ కోర్సులున్నాయి, పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసేవీ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పార్ట్‌టైమ్‌గా చేస్తే బస, ప్రయాణం, పోయే జీతం, వడ్డీ ఏవీ ఉండవు. ఫీజు మాత్రమే, 200. పదహారు నెలల తర్వాత ఆ 200ను విడిగా పొదుపు చేసి కట్టండి, ఎమర్జెన్సీ ఫండ్‌ను ముట్టుకోవద్దు. జీతం నెలకు 10 చొప్పున పెరిగితే 20 నెలల్లో డబ్బు వెనక్కి వస్తుంది. పాఠాల తయారీకి రాత్రులు పోతాయి, అది నిజమే, కానీ జీతం పోదు.

డెల్టా సంగతికొస్తే, అందులో మూడు మాడ్యూళ్లు ఉంటాయి. వాటిని విడివిడిగా, ఏ వరసలోనైనా చేయవచ్చు. మొదటి మాడ్యూల్ రాతపరీక్ష, జూన్‌లోనూ డిసెంబరులోనూ జరుగుతుంది. సొంతంగా చదువుకుని పరీక్ష ఫీజు మాత్రం కట్టి రాసేవాళ్లున్నారు. మూడూ ఒకేసారి ప్యాకేజీగా అమ్మజూపితే తొందరపడకండి.

ఈ పదహారు నెలలు వృత్తిలో వెనకబడిపోతానని భయపడకండి. మా అక్క తన ఎదుగుదలలో ఎక్కువ భాగం డబ్బు పెట్టకుండానే సాధించింది. ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి ఇరవై నిమిషాల క్లాసు రికార్డు చేసి, తను మాట్లాడిన నిమిషాలు, విద్యార్థులు మాట్లాడిన నిమిషాలు లెక్క రాసుకునేది. మొదటిసారి విన్నప్పుడు ‘డూ యూ అండర్‌స్టాండ్?’ అని తను తొమ్మిది సార్లు అడగడం, తొమ్మిది సార్లూ క్లాసంతా ‘యెస్’ అనడం గమనించింది. ఆ ప్రశ్న మానేసి, అర్థమైందో లేదో తేలే చిన్న ప్రశ్నలు వేయడం నేర్చుకుంది. మీరు ఇలా చేయవచ్చు. హామీ ఇస్తానన్న స్నేహితురాలిని నెలకొకసారి మీ క్లాసుకు వచ్చి కూర్చోమనండి, మీరు ఆవిడ క్లాసుకు వెళ్లండి. బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల టీచింగ్ ఇంగ్లీష్ సైట్‌లో టీచర్లకు ఉచిత శిక్షణ ఉంది. 1967లో మొదలైన ఐఏటెఫల్ అనే ఇంగ్లీష్ టీచర్ల అంతర్జాతీయ సంఘం తన వార్షిక సదస్సుకు రావడానికి టీచర్లకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. వాటికి దరఖాస్తు చేయడానికి రికార్డు చేసిన క్లాసు, దాని నుంచి మీరు నేర్చుకున్నది మంచి సరుకు అవుతుంది.

రేపు ఉదయం మూడు పనులు చేయండి. లోన్ వద్దని బ్యాంకుకు చెప్పండి. అడ్వాన్స్ వాపసు గురించి, లేదా దాన్ని మీరు తర్వాత చేరబోయే పార్ట్‌టైమ్ బ్యాచ్‌కు మార్చడం గురించి సెంటర్‌కు రాయండి. మేనేజర్‌కు ఆ ఈమెయిల్ పంపండి. ఆయన జవాబులో గంటకు ఎంత పెంచుతారో రాస్తే ఆ అంకె నాకు పంపండి, 20 నెలల లెక్కను మళ్లీ వేసి చెబుతాను.