ఎఫ్‌టీని ఆపితే చాలు, పీకేయకండి

ప్రశ్న: వీఎంవేర్‌లో మా డేటాబేస్ వీఎంకి (వర్చువల్ మెషీన్‌కి) ఫాల్ట్ టాలరెన్స్ (ఎఫ్‌టీ) పెట్టాం, అంటే వేరే హోస్టు మీద దాని నకలు ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. రాత్రి బ్యాచ్ జాబ్ నడిచేటప్పుడు బాగా స్లో అవుతోందని పవర్‌సీఎల్‌ఐ (వీఎంవేర్ కమాండ్ టూల్) స్క్రిప్టుతో ఎఫ్‌టీ తీసేసి, తెల్లారాక మళ్లీ పెడుతున్నాం. స్క్రిప్టు ఎర్రర్ లేకుండానే అయిపోతోంది, కానీ రక్షణ వచ్చేసరికి మధ్యాహ్నం అవుతోంది. తప్పెక్కడుంది?

జవాబు: మీరు పిలుస్తున్నది టర్న్‌ఆఫ్‌ఫాల్ట్‌టాలరెన్స్‌ఫర్‌వీఎం_టాస్క్ అయ్యుంటుంది. అది సెకండరీని, అంటే ఆ నకలు వీఎంని, డిలీట్ చేసేస్తుంది. వీస్పియర్ (వీఎంవేర్ ప్లాట్‌ఫామ్) 6.0 నుంచి సెకండరీకి సొంత డిస్కులు ఉంటాయి కదా, పొద్దున క్రియేట్‌సెకండరీవీఎం_టాస్క్ అనగానే ఆ డిస్కులన్నీ మళ్లీ మొదటినుంచి కాపీ కావాలి. మీ మధ్యాహ్నం అక్కడే ఖర్చవుతోంది.

తీసేయకండి, సస్పెండ్ చేయండి. దానికి డిసేబుల్‌సెకండరీవీఎం_టాస్క్, తిరిగి మొదలెట్టడానికి ఎనేబుల్‌సెకండరీవీఎం_టాస్క్. ఎఫ్‌టీకి విడిగా కమాండ్‌లెట్ (పవర్‌సీఎల్‌ఐలో రెడీమేడ్ కమాండ్) లేదు కాబట్టి గెట్-వీఎం ఇచ్చిన దాని ఎక్స్‌టెన్షన్‌డేటా ద్వారా పిలవాలి, అదీ ప్రైమరీ (అసలు వీఎం) మీదే, సెకండరీని ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చి. సెకండరీ ఎవరన్నది కాన్ఫిగ్‌లోని ఎఫ్‌టీఇన్ఫోలో దొరుకుతుంది, అక్కడ రోల్ 1 అంటే ప్రైమరీ. పేరుతో వెతికి వచ్చిన మొదటిదాన్ని పట్టుకుంటే ఏదో ఒక రోజు తప్పుదాన్ని పట్టుకుంటారు.

ఇక ఎర్రర్ రాకపోవడం సంగతి. పేరు చివర _టాస్క్ ఉందంటే పని మొదలైందనే అర్థం, అయిపోయిందని కాదు. రన్‌టైమ్‌లోని ఫాల్ట్‌టాలరెన్స్‌స్టేట్ చూస్తూ ఉండండి. స్టార్టింగ్ అన్నా, నీడ్‌సెకండరీ అన్నా, చివరికి ఎనేబుల్డ్ అన్నా మీకు రక్షణ లేనట్టే, రన్నింగ్ అని వచ్చాకే టెన్షన్ వదలండి. సస్పెండ్‌లో ఉన్న ఆ రాత్రంతా కూడా మీకున్నది మామూలు హెచ్‌ఏ (హై అవైలబిలిటీ) మాత్రమే, హోస్టు పోతే వీఎం రీస్టార్ట్ అవుతుంది, బ్యాచ్ జాబ్ మధ్యలో తెగుతుంది.

నిజానికి నేనైతే ముందు నెట్‌వర్క్ చూస్తాను. చెక్‌పాయింట్ (ప్రైమరీలో వచ్చిన మార్పుల కాపీ) సెకండరీకి అందిందని తేలేదాకా ప్రైమరీ నుంచి బయటికెళ్లే ప్యాకెట్లు ఆగుతాయి. ఎఫ్‌టీ లాగింగ్‌కి (ఆ చెక్‌పాయింట్లు వెళ్లే ట్రాఫిక్‌కి) విడిగా 10 గిగాబిట్ లింకు లేకుండా, నడుస్తున్న వీఎంలని హోస్టు మార్చే వీమోషన్‌తో పంచుకుంటుంటే స్లో కాక ఏమవుతుంది? అది సరిచేస్తే అసలు రోజూ ఆపే పనే ఉండకపోవచ్చు.

ప్రశ్న: గెస్ట్ ఓఎస్ (వీఎం లోపల నడిచే ఓఎస్) క్రాష్ అయితే సెకండరీ ఆదుకుంటుందా?

జవాబు: ఆదుకోదు. అదే మెమరీ, అదే స్థితి అక్కడికీ వెళ్తుంది, కాబట్టి బ్లూ స్క్రీన్ రెండు చోట్లా వస్తుంది.