కెనడా చరిత్ర మనకెందుకు అని అడిగిన అమ్మాయికి

అమ్మా, నీ ఉత్తరంలో మూడు సందేహాలున్నాయి. సిటిజన్‌షిప్ టెస్టుకి కెనడా చరిత్ర ఎంత చదవాలి? ఆఫీసుల్లో, బళ్ళలో వీళ్ళు జరుపుకునే రోజులన్నీ మనం పట్టించుకోవాలా? హెల్త్ కార్డు ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్తే బిల్లు వేస్తారా? నాలుగోది నువ్వు అడగలేదు గానీ చివర్లో రాసిన ఒక్క వాక్యంలో కనిపించింది. "మా ఆయన వచ్చేసరికి రాత్రి పదవుతుంది, రెండేళ్ళ బాబు తప్ప మాట్లాడే మనిషి లేడు" అన్నావు. మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నాకు ఆ నాలుగోదే ముఖ్యం. మిగతా మూడూ దాని చుట్టూనే తిరుగుతాయి.

టెస్టు సంగతి తొందరగా తేల్చేద్దాం. 18 నుంచి 54 ఏళ్ళ మధ్య వాళ్ళకి ఉంటుంది. 20 ప్రశ్నలు, 15 సరిగ్గా చెబితే పాస్. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే 'డిస్కవర్ కెనడా' పుస్తకం చాలు, కోచింగ్‌కి డబ్బులు తగలెయ్యకు. దరఖాస్తుకి ముందు అయిదేళ్ళలో 1,095 రోజులు ఇక్కడ ఉండాలి. మిగతా షరతులు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసుకో. ఎంసెట్లు రాసి వచ్చినవాళ్ళం, మనకి ఇదొక పరీక్షా? నేనూ బట్టీ పట్టే పాసయ్యాను. 1867 జులై 1న సమాఖ్య ఏర్పడడం, మొదటి ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్, 1982 హక్కుల చార్టర్, పది ప్రావిన్సులు, మూడు టెరిటరీలు, వాటి రాజధానులు అన్నీ నోటికొచ్చు. అప్పటికి మా పక్కింటి పెద్దావిడ పేరు మాత్రం నాకు తెలియదు.

ఆ పెద్దావిడ గురించి చెప్పాలి. టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో మేం తీసుకున్నది వరస ఇళ్ళలో ఒకటి. మొదటి చలికాలం ఎప్పుడు తలుపు తీసినా మా గుమ్మం నుంచి రోడ్డు దాకా మంచు శుభ్రంగా తీసేసి ఉండేది. కాంప్లెక్సు వాళ్ళు చేయిస్తున్నారు కాబోలు, మెయింటెనెన్స్ కడుతున్నాం కదా అనుకున్నాం. మార్చిలో ఒక పొద్దున్న పాలకని తలుపు తీస్తే ఆవిడే పార పట్టుకుని మా మెట్ల మీద ఉప్పు చల్లుతోంది. పోర్చుగల్ నుంచి చిన్నప్పుడే వచ్చిందట, డెబ్భై దాటాయి. చలికాలమంతా మా గుమ్మం ఊడ్చిన మనిషికి నేను ఒక్కసారి కూడా నమస్కారం పెట్టలేదు. గర్వం ఉండి కాదమ్మా, ఎలా పలకరించాలో తెలియని బిడియం. ఎదుటివాళ్ళకి అది గర్వంలాగే కనిపిస్తుంది. ఆరోజు మధ్యాహ్నం పులిహోర పట్టుకెళ్ళి తలుపు కొట్టాను. తర్వాత మా పిల్లలిద్దరికీ అమ్మమ్మ లేని లోటు చాలావరకు తీర్చింది ఆవిడే.

ఆ ఇంటికి ముందు, 2002లో దిగినప్పుడు, టొరంటోలోని స్కార్‌బరోలో ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పైన కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ బూట్లు తప్ప ఏమీ కనబడేవి కావు. మా ఆయన ఇంజినీరై ఉండి రాత్రిపూట ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేవారు, పగలు నిద్ర. కాలింగ్ కార్డు గీకి, అంత పొడవు నంబరు కొట్టి అమ్మతో మాట్లాడుతుంటే సగంలో తెగిపోయేది. ఇప్పుడు మీకు వీడియో కాల్ ఉంది, రోజూ అమ్మ ముఖం చూస్తున్నారు, అదృష్టవంతులు. కానీ నేను గమనించింది చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఆ ఫోనే మిమ్మల్ని ఇంట్లోంచి కదలనివ్వడం లేదు. మాకు ఫోన్ ఖరీదు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు గడప దాటక తప్పలేదు.

గడప దాటి నేను మొదట వెళ్ళింది లైబ్రరీకి, అదీ చలికాలమంతా ఆలస్యంగా. నడిచి పోయేంత దూరంలోనే ఉంది. అయినా ఎందుకు వెళ్ళలేదంటే, తాడేపల్లిగూడెంలో మా శాఖా గ్రంథాలయంలో పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే డిపాజిట్ కట్టాలి. ఇక్కడ డాలర్లలో ఎంత అడుగుతారో అని భయపడ్డాను. అడ్రసు రుజువు చూపిస్తే కార్డు ఊరికే ఇస్తారని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. టొరంటో నగరంలోనే 100 లైబ్రరీ శాఖలున్నాయి. వందేళ్ళ క్రితమే అమెరికా ఉక్కు వ్యాపారి కార్నెగీ ఇచ్చిన డబ్బుతో కెనడాలో 125 లైబ్రరీలు కడితే అందులో 111 మనం ఉంటున్న ఈ ఒంటారియో ప్రావిన్సులోనే. ఇది టెస్టులో రాదు, కానీ ఈ దేశం ఎలాంటిదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అక్కడ పుస్తకాలకన్నా నాకు పనికొచ్చింది మాట్లాడుకునే బృందం. చాలా లైబ్రరీల్లో వారానికోసారి కొత్తగా వచ్చినవాళ్ళంతా కూర్చుని ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకుంటారు. పక్కన ఒక ఇరానీ డాక్టరు, ఒక చైనా ముసలాయన, సోమాలియా నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అందరివీ తప్పుల ఇంగ్లీషే. నా మాటకి ఎవరూ నవ్వలేదు. నీకు ఇంగ్లీషు బాగా వచ్చనుకుంటాను, అయినా వెళ్ళు. అక్కడికి ఎవరూ వ్యాకరణం కోసం రారు.

ఇక వీళ్ళ రోజుల సంగతి. నాకు మొదటి ఆఫీసు ఉద్యోగం వచ్చిన ఏడాది నవంబరులో అందరి కోటు మీదా ఎర్ర పువ్వు కనిపించింది. ఏదో చందాల బిళ్ళ అనుకున్నాను. 11వ తేదీ, పొద్దున్న పదకొండు. ఒంటారియోలో ఆ రోజు అందరికీ సెలవు ఉండదు, అందుకే ఆఫీసులోనే ఉన్నాం. మైకులో ఏదో చెప్పారు, నేను వినలేదు. అందరూ ఉన్నచోట నిలబడిపోతే నేను ప్రింటర్ దాకా టకటకా నడిచి, కాగితాలు తీసుకుని, ఫోన్‌లో మా ఆయనతో తెలుగులో గట్టిగా మాట్లాడుతున్నాను. రెండు నిమిషాలయ్యాక ఒకామె వచ్చి మెల్లగా చెప్పింది, వాళ్ళ తాతగారి తమ్ముడు 1917లో ఫ్రాన్స్‌లో విమీ రిడ్జ్ యుద్ధంలో చనిపోయాడని. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ గదిలో నేను ఇంకా ఒంటరినయ్యాను. వాళ్ళు దూరం పెట్టలేదు, నేనే ముఖం చాటేశాను.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు అది. యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకుని అందరూ మౌనంగా నిలబడతారు. ఆ గసగసాల పువ్వు వెనకాల, ఒంటారియోలోని గ్వెల్ఫ్ ఊరివాడైన సైనిక వైద్యుడు జాన్ మెక్‌క్రే 1915లో రాసిన పద్యం ఉంది. అక్టోబరు చివరి శుక్రవారం నుంచి ఎడమవైపు, గుండె మీద పెట్టుకుంటారు. మాజీ సైనికుల సంఘం వాళ్ళు ఇస్తారు, తోచినంత డబ్బాలో వెయ్యి. మనకేం సంబంధం అని రాశావు. మా తాడేపల్లిగూడెం పక్కనే మిలిటరీ మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. మరుసటి ఏడు పువ్వు పెట్టుకుని ఆమెకి ఆ ఊరి గురించి చెప్పాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని వింది. మా స్నేహం అప్పుడు మొదలైంది. మన ఊరి కథ వాళ్ళ కథకి ఎక్కడ తగులుతుందో చూసుకోవడానికైనా వీళ్ళ చరిత్ర తెలియాలి కదమ్మా.

"బ్రాంప్టన్‌లో ఎటు చూసినా పంజాబీలే, ఇది కెనడాలా లేదు" అని కూడా రాశావు. అందరూ అంటారు, నేనూ అన్నాను. వాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారో చదివాక మానేశాను. 1908లో పెట్టిన నిబంధన ప్రకారం సొంత దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవాళ్ళనే దిగనిచ్చేవారు. ఇండియా నుంచి అలా వచ్చే ఓడే లేదు. 1914లో కొమగాట మారు ఓడలో 376 మంది వాంకూవర్ చేరితే రెండు నెలలు నీళ్ళ మీదే నిలబెట్టి, ఇరవై నాలుగు మందిని మాత్రం రానిచ్చి, మిగతావాళ్ళని వెనక్కి పంపేశారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగాక పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకుముందే వచ్చి ఇక్కడి రంపపు మిల్లుల్లో పనిచేస్తున్న మగవాళ్ళకి 1919 దాకా భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీలు లేదు. బ్రిటిష్ కొలంబియాలో మనవాళ్ళకి ఓటు 1947లో గానీ రాలేదు. ఈ దేశం తరఫున పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో. ఇదంతా చదువుతూ నేను మళ్ళీ మళ్ళీ ఆలోచించింది ఒక్కటే. ఆ మగవాళ్ళు సాయంత్రం పని నుంచి వచ్చి ఎవరితో మాట్లాడుకునేవారు? 1967లో జాతి చూడకుండా చదువుకీ పనికీ పాయింట్లు వేసే పద్ధతి వచ్చింది. నీకూ నాకూ వీసా వచ్చింది ఆ దారిలోనే. మీ వీధి చివర గురుద్వారా ఉందన్నావు కదా, లంగర్‌కి వెళ్ళు. ఎవరూ నీ ఊరు అడగరు, భోజనం పెడతారు. ఆ తర్వాత వంటింట్లో రొట్టెలు ఒత్తే చోట ఒక గంట కూర్చో.

డాక్టరు బిల్లు సంగతి. మేం వచ్చినప్పుడు ఒంటారియోలో హెల్త్ కార్డుకి మూడు నెలలు ఆగాలి. 2020 నుంచి ఆ నిరీక్షణ లేదు. మా ఇబ్బంది కార్డు వచ్చాకే మొదలైంది. అమెరికాలో ఉన్న మా బావగారు ఫోన్‌లో "ఆసుపత్రి గుమ్మం తొక్కితే వేల డాలర్లు" అని చెప్పారు. ఆయన చెప్పింది వాళ్ళ దేశం సంగతి. అది ఇక్కడికీ వర్తిస్తుందని నమ్మి, నిద్ర పట్టక, అన్నం సయించక, గుండె దడగా ఉన్నా నెలల తరబడి డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆఖరికి మా ఆయన బలవంతంగా తీసుకెళ్ళారు. ఆ డాక్టరమ్మ అన్నీ చూసి, రక్తపరీక్ష రాసి, "పగలంతా ఎవరితో మాట్లాడతావు?" అని అడిగింది. ఏడుపు ఆగలేదు. బిల్లు రాలేదు. నాకున్నది ఒంటరితనం అని ఇక్కడ మొదట గుర్తుపట్టింది ఆవిడే.

ఈ ఏర్పాటు వెనక టామీ డగ్లస్ అనే ఆయన ఉన్నాడు. చిన్నప్పుడు కాలి ఎముకకి జబ్బు చేస్తే, డబ్బు లేక కాలు తీసేయాల్సిన పరిస్థితి వచ్చింది. ఒక సర్జను విద్యార్థులకి చూపించి నేర్పడానికి ఒప్పుకుంటే ఉచితంగా చేస్తానని నయం చేశాడు. కాలు నిలబడడం అదృష్టం మీద ఆధారపడకూడదని ఆయన పెద్దయ్యాక పట్టుబట్టాడు. సస్కాచ్వాన్ ప్రావిన్సు ముఖ్యమంత్రిగా ఆయన తలపెట్టిన పథకం 1962లో అమలైతే డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. 1966లో దేశమంతటికీ చట్టం వచ్చింది. 2004లో టీవీలో ఓట్లు వేసి దేశంలోకెల్లా గొప్పవాడిగా జనం ఎంచుకున్నది ఆయన్నే. మందులు, పళ్ళు, కళ్ళద్దాలు పెద్దవాళ్ళకి ఇందులోకి సాధారణంగా రావు, అవి మీ ఆయన కంపెనీ ఇన్సూరెన్సులో చూసుకోండి. ఫ్యామిలీ డాక్టరు దొరకడం ఆలస్యం కావచ్చు, ఇప్పుడే పేరు నమోదు చేసుకో. దొరికాక ఒంటి బాధే కాదు, మనసు బాధ కూడా చెప్పు.

బాబు బడికి వెళ్ళాక ఇంకొకటి ఎదురవుతుంది. సెప్టెంబరు 30న నారింజ రంగు చొక్కా వేసి పంపమంటారు. మా పెద్దవాడి బళ్ళో మొదటిసారి అడిగినప్పుడు ఏదో పండగనుకుని టీచరుకి నవ్వుతూ శుభాకాంక్షలు చెప్పాను. ఈ నేలకి అసలు వారసులైన ఆదివాసుల పిల్లల్ని, లక్షా యాభై వేలకి పైగా, తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే కొట్టారు. ఎందరో తిరిగి రాలేదు. ఆఖరి బళ్ళు మూతపడింది 1990ల్లోనే. ఆ పిల్లల కోసం ఆ రోజు. 2021 నుంచి కేంద్ర ప్రభుత్వ సెలవు కూడా. బాబుకి వాడి వయసుకి తగ్గట్టు నువ్వే చెప్పు, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి ఆ బాధ తొందరగా అర్థమవుతుంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఒంటారియోలో ఆరేళ్ళ లోపు పిల్లలకి ఎర్లీఆన్ సెంటర్లున్నాయి, ఉచితం, తల్లి కూడా ఉండాలి. ఈ సోమవారమే బాబుని స్ట్రోలర్‌లో వేసుకుని వెళ్ళు. మొదటి రెండు వారాలు ఎవరూ మాట్లాడకపోవచ్చు, మానెయ్యకు, ఒకే రోజు ఒకే టైముకి వెళ్తుంటే ముఖాలు అలవాటవుతాయి. మన తెలుగు సంఘం ఉగాదికీ దీపావళికీ తప్పకుండా వెళ్ళు, గోంగూర ఎక్కడ దొరుకుతుందో వాళ్ళే చెబుతారు. కానీ సంఘం ఏడాదికి నాలుగు సార్లు కలుస్తుంది, మంగళవారం మధ్యాహ్నం నీ పక్కన ఉండదు. 211కి ఫోన్ చేస్తే మీ ఊళ్ళో ఏ సహాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు క్లాసులు ఉచితం, కొన్నిచోట్ల పిల్లల్ని కూడా చూసుకుంటారు.

మీ ఆయన గురించి నువ్వేమీ రాయలేదు. రాత్రి పదింటికి వచ్చే మనిషి కూడా పగలంతా ఎవరితోనూ మాట్లాడి ఉండడు. మగవాళ్ళు ఆ సంగతి బయటపెట్టరు, మా ఆయన చాలా ఏళ్ళకి గానీ చెప్పలేదు. ఈ ఆదివారం ముగ్గురూ కమ్యూనిటీ సెంటరుకి వెళ్ళండి, స్విమ్మింగో స్కేటింగో ఏదో ఒకటి. ఎప్పుడైనా మీ ఇద్దరిలో ఎవరికి మనసు బరువు మోయలేనంత అనిపించినా 988కి ఫోన్ చెయ్యండి, లేదా మెసేజ్ పెట్టండి. దేశమంతటా పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బు అడగరు. ఆ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఈ రాత్రే వేసుకోండి.