738 పక్కన 747

రాజమండ్రి,
12 జనవరి 2016

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. లక్నో కేంద్రం కోసం మీడియం వేవ్‌లో ఎక్కడ వెతికినా ఆకాశవాణి హైదరాబాదే వినిపిస్తోందని రాశావు. మేడ మీద ఇంకో ముప్పై అడుగుల రాగి తీగ కట్టనా అని అడిగావు. వద్దు నాన్నా. ఉన్న తీగ కూడా విప్పెయ్. 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే హైదరాబాద్ ‘ఎ’ 200 కిలోవాట్ల స్టేషన్. దానికి అంత దగ్గర్లో ఉంటూ తీగ పెంచితే లక్నోతో పాటు అదీ పెరుగుతుంది. నీ రేడియో తట్టుకోలేకపోతున్నది దాన్నే కదా. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నేనూ అలాగే తీగలు కట్టి రెండు చలికాలాలు పోగొట్టుకున్నాను.

ముందు తేడా ఎక్కడుందో తేల్చుకో. రేడియోని 1476 మీద పెట్టు. అది 738కి సరిగ్గా రెట్టింపు. అక్కడా హైదరాబాద్ కార్యక్రమమే వస్తుంటే తీగ తీసేసి మళ్లీ విను. మాయమైతే నీ రేడియో ఓవర్‌లోడ్ అవుతోందన్నమాట, అంటే ఆ బలానికి తట్టుకోలేకపోతోంది. అలా కాకుండా 729, 747 దగ్గర మాత్రమే గోలగా ఉంటే అది పక్క స్టేషన్‌ని ఆపే ఫిల్టర్ సంగతి. మన దగ్గర ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య 9 కిలోహెర్ట్జే ఎడం, చవక సెట్లకు అది చాలదు.

ఇప్పుడు అసలు పని. రేడియోని తిప్పడం. పైకి లాగే ఏరియల్ ఎఫ్‌ఎంకి, షార్ట్ వేవ్‌కి. మీడియం వేవ్‌ని పట్టేది లోపల అడ్డంగా పడుకున్న ఫెర్రైట్ రాడ్, అంటే తీగ చుట్టిన నల్ల కడ్డీ. దాని పక్కల నుంచి వచ్చే స్టేషన్ బాగా వినిపిస్తుంది, కొన వైపు నుంచి వచ్చేది దాదాపు వినపడదు. కాబట్టి నీకు కావలసిన స్టేషన్ వైపు కాదు, వద్దనుకున్న స్టేషన్ వైపు గురి పెట్టాలి. రాడ్ కొన ట్రాన్స్‌మీటర్‌ని చూడాలి. ట్రాన్స్‌మీటర్ మీ ఇంటికి తూర్పునో పడమరనో ఉంటే నీ అదృష్టమే. రాడ్ తూర్పు పడమరలుగా పెడితే హైదరాబాద్ అణుగుతుంది, ఉత్తరాన ఉన్న లక్నో 747 మీద, దక్షిణాన ఉన్న చెన్నై 720 మీద తేలతాయి. ట్రాన్స్‌మీటర్ కూడా ఉత్తరానే ఉంటే మాత్రం లక్నో మీద ఆశ పెట్టుకోకు, రెండూ కలిసే అణుగుతాయి. అప్పుడు తూర్పు, పడమర స్టేషన్లు వెతుక్కో.

ఆ అణిగే చోటు చాలా సన్నం. వేలెడంత జరిపితే తప్పిపోతుంది. రేడియోని తిరిగే పీట మీద పెట్టి, పగటిపూట 738 మీదే ఉంచి, గొంతు బాగా సన్నబడే దాకా నెమ్మదిగా తిప్పు. తరవాత ఒక పక్క కాస్త ఎత్తి చూడు, ఇంకొంచెం తగ్గుతుంది. పీట మీద సుద్దతో గీత గీసుకో. ఇదంతా మేడ మీద చెయ్యి. గదిలో కరెంటు వైర్లు, కిటికీ ఊచలు ఆ తరంగాలను మళ్లించి దిక్కు తప్పిస్తాయి. నేను వారం రోజులు కిటికీ పక్కన కుస్తీ పట్టి, చివరికి డాబా ఎక్కాక అయిదు నిమిషాల్లో గీత గీశాను. ఆ రాత్రి మొదటిసారి లక్నో విన్నప్పటి సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఫిల్టర్ సంగతికి వస్తే, నీ టెక్సన్ పీఎల్-310ఈటీ రేడియోలో బ్యాండ్‌విడ్త్, అంటే ఫిల్టర్ లోపలికి వదిలే వెడల్పు, 6 నుంచి 1 కిలోహెర్ట్జ్ దాకా మార్చుకోవచ్చు. 747 వింటున్నప్పుడు దాన్ని 2కి దింపు, రేడియోని 748కి జరుపు. 738 అవతలి పక్కన ఉంది కదా, ఆ ఒక్క కిలోహెర్ట్జూ దూరం జరిగితే గోల తగ్గుతుంది. మాట కాస్త మూసుకుపోయినట్టు వినిపిస్తుంది, ఫరవాలేదు. చెన్నైకి ఇంత అవస్థ లేదు, అది 18 కిలోహెర్ట్జ్ దూరం.

పొద్దు కుంకాక కూర్చో. పగలు దూరపు స్టేషన్లను ఆకాశంలోని కింది పొర మింగేస్తుంది, చీకటి పడ్డాకే అది తొలగుతుంది.  ఒక్క జాగ్రత్త. ఢిల్లీ వార్తలు విని లక్నో దొరికిందని రాసుకోకు. అవి చాలా కేంద్రాలు ఒకేసారి రిలే చేస్తాయి. అనౌన్సర్ కేంద్రం పేరు చెప్పేదాకా ఆగు.

ఈ ఆదివారం ప్రయత్నించి, గీత ఏ దిక్కున పడిందో, 1476 మీద ఏం వచ్చిందో రాయి. దాన్ని బట్టి నీకు చెక్క ఫ్రేము లూప్, అంటే చట్రానికి తీగ చుట్టిన ఏరియల్, కావాలో లేదో చెబుతాను. కావలసి వస్తే దాన్ని స్టేషన్‌కి కుదిర్చే పాత గ్యాంగ్ కండెన్సర్ నా దగ్గర ఒకటుంది, ఈసారి వచ్చేటప్పుడు తెస్తాను. మేడ మీద మంచు పడుతుంది, మఫ్లర్ కట్టుకోమని అత్తయ్య చెప్పమంది.

మీ మావయ్య