నేలమాళిగ తవ్వితే పక్కింటి గోడ మాటేమిటి?

ప్రశ్న: చెన్నై జార్జిటౌన్‌లో మా తాతగారు కట్టించిన ఇంట్లో ఉంటున్నాం. ఇంటికి 90 ఏళ్లు దాటాయి. రెండు పక్కలా ఇళ్లు మా గోడలను ఆనుకునే ఉన్నాయి. ఒకప్పుడు పప్పుల బస్తాలు దాచిన నేలమాళిగ ఇప్పుడు ఖాళీగా, చెమ్మ పట్టి ఉంది. కప్పు ఎత్తు అయిదున్నర అడుగులే, వంగి నడవాలి. నేలను రెండడుగులు దించి, గచ్చు చేయించి, అక్కడ మా కోడలి చేత పిల్లలకు ట్యూషన్లు పెట్టిద్దామనుకున్నాం. లోపలి పనే కాబట్టి అనుమతి అక్కరలేదని మేస్త్రీ చెప్పాడు. ఒక మూల నాలుగడుగుల పొడవున తవ్వేసరికి పక్కింటివారు తమ గోడ బీటలు వారిందని, పని ఆపి నష్టపరిహారం ఇవ్వాలని లాయరు నోటీసు పంపారు. ఆ బీటలు ఎప్పటినుంచో ఉన్నవే. మా స్థలంలో మేము తవ్వుకుంటే వారికి అభ్యంతరం ఏమిటి? ఇల్లు నా పేరున, నెల్లూరులో ఉంటున్న మా తమ్ముడి పేరున ఉమ్మడిగా ఉంది. అతనికి ఇంకా ఈ సంగతి చెప్పలేదు.
– ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: అయ్యా, చట్టం సంగతికి ముందు ఆ గుంట సంగతి చూడాలి. నోటీసు అందగానే పని ఆపేసి ఉంటారు. ఆపడం మంచిదే. కానీ పాత గోడ మొదట్లో తవ్విన గుంటను అలాగే తెరిచి ఉంచడం చాలా ప్రమాదం. ఆ కాలపు ఇళ్లకు సున్నపు గారతో కట్టిన ఇటుక గోడలు ఉంటాయి. ఇప్పటి ఇళ్లలాగా కింద ఇనుప చువ్వల కాంక్రీటు ఉండదు. ఇటుక వరసలే కిందికి పోయేకొద్దీ వెడల్పవుతూ మట్టి మీద కూర్చుంటాయి. ఆ మట్టి పక్కకు జారిపోకుండా అదిమి పట్టి ఉంచేది మీ నేలమాళిగ నేల. దాన్నే మీరు ఒక మూల తీసేశారు.

పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు మన ప్రాంతంలో ఊట పైకి వస్తుంది. గుంటలో నీళ్లు చేరాయని మోటారు పెట్టి తోడితే, నీళ్లతో పాటు సన్నని ఇసుక కూడా వచ్చేసి గోడ కింద డొల్ల పడుతుంది. 2023 డిసెంబరు 4న మిగ్‌జాం తుపాను వానలో వేళచ్చేరిలో నిర్మాణం కోసం తవ్విన లోతైన గుంత అంచు కూలి ఇద్దరు చనిపోయారు. మీ గుంట అంత పెద్దది కాదు. అయినా దాని అంచున ఉన్నది తొంభై ఏళ్ల గోడ, ఆ గోడకు అవతల మనుషులు నిద్రపోతారు. అందుకని ఈ రోజే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించండి. ఆయన చెప్పిన పద్ధతిలో పూడ్పించి, ఏం చూశారో, ఏం చేయించారో తేదీతో, సంతకంతో రాయించుకోండి. రేపు కోర్టులో మీ మంచి నడవడికకు మొదటి సాక్ష్యం ఆ కాగితమే అవుతుంది.

ఇప్పుడు మీ అసలు సందేహానికి వస్తాను. మన స్థలంలో మనం తవ్వుకుంటే ఇతరులకేమిటని నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అడుగుతారు. పట్టా మన పేరున ఉంది, పన్ను మనం కడుతున్నాం, కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అంటే ఒకరి స్థలానికి పక్కవారి స్థలం మీద ఉండే హక్కుల చట్టం, ఈ విషయం మీద చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. మద్రాసు ప్రాంతంలో ఆ చట్టం మొదటినుంచీ అమల్లో ఉంది. దాని సెక్షన్ 7 ప్రకారం ప్రతి నేలకూ పక్క నేల సహజంగా ఇచ్చే ఆసరాను పొందే హక్కు ఉంది. ఇది నేల ఖాళీగా ఉన్నప్పటి మాట. ఇల్లు కట్టి బరువు పెంచాక, ఆ బరువుకు కూడా పక్కవారి నేల ఆసరా ఇవ్వాలనే హక్కు వెంటనే రాదు. సెక్షన్ 15 ప్రకారం 20 ఏళ్లపాటు శాంతియుతంగా, హక్కుగా, అంతరాయం లేకుండా ఆ ఆసరా పొందుతూ ఉంటే అప్పుడు స్థిరపడుతుంది. మీ పక్కింటి గోడ మీ చిన్నతనం నుంచీ అక్కడే ఉంటే వారికి ఆ హక్కు ఉన్నట్టే భావించి అడుగు వేయండి. ఇదే హక్కు మీకూ వారి నేల మీద ఉంది. రేపు వారు సెల్లారు తవ్వాలనుకుంటే మీరు పట్టుకునే ఆధారం కూడా ఇదే.

అంతమాత్రాన వారు అడిగినంత డబ్బు ఇవ్వాలని కాదు. అదే చట్టంలోని సెక్షన్ 34 చూడండి. ఆసరా తొలగించినంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పుట్టదు. దానివల్ల గణనీయమైన నష్టం నిజంగా జరిగి ఉండాలి. కాబట్టి ఆ బీటలు మీ తవ్వకం వల్లే వచ్చాయని వారు రుజువు చేయాలి. బీటలు పాతవైతే డబ్బు విషయంలో మీ పక్షం బలంగా ఉంటుంది. అయితే పని ఆపించే ఇంజంక్షన్ సంగతి వేరు. దానికి నష్టం జరిగేదాకా ఆగనక్కరలేదు. తవ్వకం సాగితే ఆసరా తప్పకుండా దెబ్బతింటుందని చూపగలిగితే సెక్షన్ 35 కింద కోర్టు ముందే ఆపగలదు. బీటలు పాతవన్న మీ వాదన పరిహారానికి అడ్డుపడుతుంది గానీ ఇంజంక్షన్‌కు అడ్డుపడదు. ఈ తేడా తెలియక చాలామంది నోటీసుకు ‘ఆ బీటలు పాతవి, మా పని మేము చేసుకుంటాం’ అని రెండు వాక్యాల జవాబు పంపించి, వారం తిరగకముందే కోర్టు మెట్లెక్కుతారు.

ఆ గోడ ఎవరిదన్నది కూడా తేల్చుకోండి. మీ దస్తావేజులో చెక్కుబందీ (నాలుగు హద్దుల వివరం) దగ్గర ‘ఉమ్మడి గోడ’ అని ఉందా, ‘వారి గోడ’ అని ఉందా, ‘మన గోడ’ అని ఉందా చదవండి. తాతగారి నాటి మూల దస్తావేజు, తరువాతి పంపకాల పత్రం రెండూ చూడాలి. జార్జిటౌన్ లాంటి, ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టుకున్న వీధుల్లో తరచుగా ఒకే గోడ మీద రెండిళ్ల దూలాలు ఆని ఉంటాయి. గోడ ఉమ్మడిదైతే దాని కింద మట్టి కదిపే ముందు వారి సమ్మతి ఉండి తీరాలి.

మేస్త్రీ చెప్పిన మాట సగం నిజం. మిగతా సగమే మిమ్మల్ని ఇరికించింది. తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టం 1971లో, బయటి రూపాన్ని పెద్దగా మార్చని తాత్కాలిక మరమ్మతులకు మినహాయింపు ఉంది. జాతీయ భవన నియమావళి 2016 కూడా సున్నం కొట్టడం, పూత, రంగులు, పైకప్పు పెంకులు మార్చడం, గచ్చు మళ్లీ పరవడం లాంటి పనులకు అనుమతి అడగదు. కానీ నిర్మాణ భద్రతకు భంగం కలగనంతవరకే. గచ్చు మార్చడం వేరు, నేల దించడం వేరు. ఉన్న ఎత్తులో పాత గచ్చు తీసి కొత్తది వేస్తే అది మరమ్మతు. మట్టి తవ్వి, పునాది అంచు బయటపెట్టి, దాని కింద కొత్త పునాది కట్టవలసి వస్తే అది నిర్మాణం. 1971 చట్టం ‘అభివృద్ధి పని’కి ఇచ్చిన నిర్వచనంలో నేల కింద జరిగే నిర్మాణ పనులూ, భవనాన్ని వాడే తీరు మార్చడమూ రెండూ ఉన్నాయి. మీరు తలపెట్టింది ఆ రెండూనూ. దానికి సెక్షన్ 49 కింద దరఖాస్తు పెట్టాలి, ప్లాను 2019 నాటి తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నియమాలకు లోబడాలి. మీలాంటి చిన్న ఇళ్లకు సాధారణంగా చెన్నై కార్పొరేషన్ కార్యాలయంలోనే విచారించాలి. మెట్రో సొరంగం మీ వీధికి దగ్గరగా పోతుంటే ఆ సంస్థ అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం కావాలా అన్నదీ అక్కడే అడగండి.

అనుమతి లేకుండా సాగితే సెక్షన్ 57 కింద పని ఆపించవచ్చు, సెక్షన్ 56 కింద చేసినదాన్ని తీసేయమనవచ్చు. తరువాత క్రమబద్ధీకరించుకోవచ్చులే అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. సెక్షన్ 113-సి కింద వచ్చిన పథకం 2007 జులై 1కి ముందు కట్టినవాటికే. అనుమతి లేని నిర్మాణం ఎంత కాలం గడిచినా, ఎంత డబ్బు పోసినా సక్రమం కాదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న గట్టిగా చెప్పింది. ఇక 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 290 ప్రకారం, ఇల్లు పడగొట్టేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు, కట్టేటప్పుడు మనుషుల ప్రాణాలకు ముప్పు రాకుండా జాగ్రత్త తీసుకోకపోవడం నేరం. ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోతే సెక్షన్ 106 వర్తిస్తుంది, అక్కడ శిక్ష అయిదేళ్ల వరకు ఉంది. మేస్త్రీ చెప్పాడు కాబట్టి చేశానన్న జవాబు అప్పుడు అక్కరకు రాదు.

ట్యూషన్ల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఆ ఆలోచన మానుకోండి. సెల్లారు కనీసం 2.4 మీటర్ల ఎత్తు ఉండాలని జాతీయ నియమావళి చెబుతుంది, అంటే దాదాపు ఏడడుగుల పది అంగుళాలు. మీ అయిదున్నరకు రెండడుగులు కలిపితే ఏడున్నర. ఇంత తవ్వి, ఇంత తగవు తెచ్చుకున్నా ఎత్తు చాలదు. ఇంకా దిగితే పునాది ఇంకా బయటపడుతుంది. ఒకవేళ ఎత్తు కుదిరినా, సెల్లారు ప్రధానంగా సామాను, వాహనాలు, యంత్రాలు పెట్టుకోవడానికి ఉద్దేశించినది. మనుషులు గంటల తరబడి కూర్చోవడానికి కాదు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం సెల్లారులోకి వాన నీళ్లు ఒక్కసారిగా దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు మునిగిపోయారు. ఆ సెల్లారుకు అనుమతి ఉన్నది సామాను, వాహనాల కోసం. నడిపింది చదువుకునే గది. 2015 డిసెంబరులో మన ఊళ్లో నీళ్లు ఎంతెంత ఎత్తున నిలిచాయో మీకు నేను గుర్తుచేయనక్కరలేదు. ఒకే మెట్ల దారి ఉన్న నేలమాళిగలోకి పది మంది పిల్లలను దించే బాధ్యత మీ కోడలి నెత్తిన పెట్టకండి. మేడ మీది సామాను కిందికి దించి, ఆ గదిలో ట్యూషన్లు పెట్టించండి. నేలమాళిగకు ఉన్న ఎత్తులోనే చెమ్మ ఆపించి, గాలి వచ్చే కంతలు తెరిపించి, గచ్చు మార్పించుకోండి. ఈ పనికి తగవూ ఉండదు, ఖర్చూ తగ్గుతుంది.

తమ్ముడికి చెప్పకపోవడం పొరపాటు. ఉమ్మడి ఆస్తిలో ఒకరు మరొకరి సమ్మతి లేకుండా ఇంటి స్వరూపం మార్చే పని చేయకూడదు. చేస్తే అతనూ కోర్టుకు పోవచ్చు. అనుమతి దరఖాస్తు మీద కూడా ఇద్దరి సంతకాలూ కావాలి. ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఒక ఉత్తరం రాసి, అతని సమ్మతి రాతలో తెప్పించుకోండి.

నోటీసుకు జవాబు మాత్రం గడువులోగా తప్పక ఇవ్వండి. పని ఆపాం, గుంట ఇంజినీరు సలహాతో పూడ్పించాం, బీటలు మా పని వల్ల వచ్చాయన్నది ఒప్పుకోవడం లేదు, ఇద్దరి ఇంజినీర్లూ కలిసి గోడను చూడటానికి సిద్ధం – జవాబులో ఈ నాలుగు మాటలూ ఉండాలి. సిటీ సివిల్ కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ వేయించండి. అది 90 రోజులు ఉంటుంది. ఆ లోపల వారు ఇంజంక్షన్ అడిగితే మీ మాట వినకుండా ఉత్తర్వు రాదు.

బీటలు పాతవన్నదానికి మీ దగ్గర ఉన్న రుజువు ఏమిటి? పెళ్లి ఫొటోలు, రంగులు వేయించిన నాటి ఫొటోలు, ఆ గోడ వెనక కనిపించే పాత వీడియో ఏదైనా వెతకండి. ఫోనులో ఉన్నవాటిని చెరపకండి, ఆ ఫోను అమ్మకండి. సాక్ష్య చట్టం కొత్త రూపంలో, అంటే భారతీయ సాక్ష్య అధినియమంలో, సెక్షన్ 63 కింద ధ్రువపత్రం ఇస్తేనే వాటిని కోర్టు తీసుకుంటుంది. పాత బీటను చూసి గుర్తుపట్టడం కష్టం కాదు. లోపల దుమ్ము, సాలెగూడు, పాత రంగు చారలు ఉంటాయి. కొత్త బీట అంచులు పదునుగా, ఇటుక ఎరుపు తాజాగా కనిపిస్తుంది.

ఇంజినీర్లు కలిసి చూసే రోజున ప్రతి బీట కొసన పెన్సిలుతో గీత గీసి తేదీ వేయించండి. బీటకు అడ్డంగా సన్నని అద్దపు ముక్కను రెండు చివరలా సిమెంటుతో అతికించమనండి. గోడ కొంచెం కదిలినా అద్దం పగులుతుంది, కదలకపోతే నెలల తరబడి అలాగే ఉంటుంది. ఏ వకీలు వాదనకన్నా ఆ ముక్క చెప్పే మాటను రెండిళ్లవారూ తేలికగా నమ్ముతారు. ఆ రోజు పక్కింటి పెద్దాయన, మీరు కలిసి సంతకాలు పెట్టండి. వీలైతే నెల్లూరు నుంచి మీ తమ్ముణ్ణి కూడా రమ్మనండి.