టెండరు కాగితాల్లో ఏది చెప్పాలి, ఎక్కడ చెప్పాలి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది గుణుపురం. నా పేరున కాంట్రాక్టు లైసెన్సు ఉంది. మా బావమరిది రాయగడ జిల్లాలో పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరు. టెండరుతో పెట్టే 'బంధుత్వం లేదు' పత్రంలో ఏం రాయాలి?

జవాబు: ఒడిశా పనుల శాఖ టెండర్లలో ఆ పత్రం సాధారణంగా అడిగేది, అసిస్టెంట్ ఇంజినీరు స్థాయి, ఆ పైన ఉన్న ఇంజినీర్లతోనూ, సచివాలయంలో అండర్ సెక్రటరీ స్థాయి, ఆ పైవారితోనూ మీకు బంధుత్వం ఉందా అని. బావమరిది ఆ లెక్కలోకి వస్తారు. కాబట్టి 'లేదు' అన్న మాట కొట్టేసి 'ఉంది' ఉంచండి. కింద ఆయన పేరు, హోదా, పనిచేసే కార్యాలయం, వరుస రాయండి. చాలామంది రెండు మాటల్లో ఏదీ కొట్టకుండా సంతకం చేసి అప్‌లోడ్ చేస్తారు. అది చెప్పినట్టూ కాదు, చెప్పనట్టూ కాదు. టెండరు తెరిచిన రోజున ముందు దొరికేది అదే.

దగ్గరి బంధువులు ఎవరన్నది మీ డీటీసీఎన్‌లో, అంటే వివరమైన టెండరు ప్రకటనలో, రాసి ఉంటుంది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకులు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బావమరుదులు, అత్తమామలు అని ఉంటే మేనమామ పేరు అందులో కనబడదు. కానీ మనలో మేనమామ కూతుర్ని చేసుకున్నవారికి ఆ మేనమామే మామగారు! ఆ వరుసన ఆయన పేరూ రాయాల్సిందే. మీ దగ్గర పనిచేసే సూపర్‌వైజరుకి అలాంటి బంధువు ఉన్నా చెప్పమని కొన్ని పత్రాలు అడుగుతాయి.

చెప్పినంత మాత్రాన టెండరు పోతుందా? అది ఆ పత్రంలోని నిషేధం మాటలను బట్టి. బంధువు ఉన్న సర్కిల్లోనే పని ఇవ్వకూడదని ఉందో, లేక తెలియజేస్తే చాలునని ఉందో చూడండి. అర్థం కాకపోతే గడువుకు ముందే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి రాతపూర్వకంగా రాసి అడగండి. దాచి తర్వాత బయటపడితే మాత్రం కాంట్రాక్టు రద్దు, ధరావతూ సెక్యూరిటీ డిపాజిట్టూ జప్తు, పైగా శాఖకి వచ్చిన నష్టం మీ నెత్తిన. పని మధ్యలో బావమరిది మీ డివిజన్‌కి బదిలీ అయి వచ్చినా వెంటనే లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ప్రశ్న: పార్వతీపురం వైపు మాకున్న ఒక పనిపై నోటీసు వచ్చింది. రాయగడ టెండరులో చెప్పాలా? మా భాగస్వామి వేరే పేరుతో నడిపిన సంస్థని మూడేళ్ల క్రితం ఒకచోట నిషేధించారు.

జవాబు: సంజాయిషీ నోటీసు నిషేధం కాదు. పనిపై కోర్టులో కేసో మధ్యవర్తిత్వమో నడుస్తుంటే మాత్రం వ్యాజ్యాల గడిలో అది రాయాలి. భాగస్వామి సంగతి వేరు. ఫారం సాధారణంగా గత 5 ఏళ్లలో 'టెండరుదారుని గానీ, అతని భాగస్వాములను గానీ దేశంలో ఏ సంస్థైనా' నిషేధించిందా అని అడుగుతుంది. ఇక్కడ రాష్ట్ర సరిహద్దు లేదు, సంస్థ పేరు మారడం అడ్డు కాదు. ఉత్తర్వు నకలు, నిషేధం మొదలూ ముగింపూ తేదీలు, కోర్టు స్టే ఉంటే అది కూడా జతచేయండి. ఏమీ లేనివారు గడిని ఖాళీగా వదలకుండా 'లేదు' అని రాయాలి. ఖాళీ గడిని జవాబు ఇవ్వలేదనే చదువుతారు.

ప్రశ్న: చేతిలో ఉన్న పనుల జాబితాలో ఆంధ్రా పనులు కూడా రాయాలా?

జవాబు: రాయాలి. దానిమీదే మీ సామర్థ్యం లెక్క ఆధారపడుతుంది. పెద్ద టెండర్లలో సూత్రం ఇలా ఉంటుంది: ఏ × ఎన్ × ఎం − బి. ఏ అంటే గత 5 ఏళ్లలో ఏదైనా ఒక్క ఏడాది చేసిన అత్యధిక పని విలువ. ఎన్ అంటే ఈ పని గడువు, ఏళ్లలో. ఎం టెండరులో ఇచ్చే గుణకం, చాలాచోట్ల 2. బి అంటే ఆ గడువులోపల మీరు పూర్తి చేయాల్సిన మిగతా పనుల విలువ. ఏ 3 కోట్లు, గడువు ఏడాదిన్నర అనుకుంటే 3 × 1.5 × 2 = 9 కోట్లు. బి 5 కోట్లైతే మిగిలేది 4 కోట్లు. టెండరు విలువ 6 కోట్లైతే అర్హత పోయినట్టే. ఆ సమయంలో, ఆ 5 కోట్లలో ఉన్న సరిహద్దుకి అవతలి 3 కోట్ల పని మరిచిపోవాలనిపిస్తుంది. కానీ 2.5 లక్షలు దాటిన కాంట్రాక్టులపై ప్రభుత్వ శాఖ 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (బిల్లు చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తుంది. ఆదాయపు పన్ను టీడీఎస్ కూడా మీ పేరున కోసిన పన్ను చూపే 26ఏఎస్ పట్టికలో కనబడుతుంది. పోటీదారు ఫిర్యాదు చేస్తే ఆ రెండు కాగితాలూ మీ జాబితా పక్కన పెడతారు. సగం అయిన పనికి మొత్తం విలువ కాదు, మిగిలిన విలువే రాయాలి. సంబంధిత ఇంజినీరు ఇచ్చిన పత్రం జతచేయండి. సబ్ కాంట్రాక్టుకి ఇచ్చిన పని మాత్రం, బాండు (శాఖతో ఒప్పందం) మీ పేరున ఉన్నంతకాలం మీ జాబితాలోదే.

ప్రశ్న: మా టెండరు కాగితాలు సమాచార హక్కు కింద పోటీదారు అడిగాడు. ఆపగలమా?

జవాబు: అన్నీ ఆపలేరు. మీరు గోప్యమని ఇచ్చిన సమాచారమైతే సమాచార హక్కు చట్టం సెక్షన్ 11 ప్రకారం అధికారి, దరఖాస్తు అందిన 5 రోజుల్లో మీకు నోటీసు పంపాలి. అది అందిన 10 రోజుల్లో మీ అభ్యంతరం చెప్పుకోవచ్చు. 'ఏదీ ఇవ్వకండి' అని రాస్తే పనికిరాదు. ధర విశ్లేషణ, బ్యాంకు వివరాలు లాంటి పేజీల నంబర్లు చూపి, బయటపడితే వ్యాపారానికి జరిగే నష్టమేమిటో రాయండి. సెక్షన్ 8(1)(డి) వ్యాపార రహస్యాలను కాపాడుతుంది గానీ, ప్రజాప్రయోజనం ఎక్కువని తోస్తే అధికారి ఇవ్వవచ్చు. అలా ఇవ్వాలని నిర్ణయిస్తే మీకు అప్పీలు హక్కు ఉంది. నోటీసు వచ్చిన కవరు పారేయకండి, అందిన తేదీ వేసి దాచండి. ఆ 10 రోజులు అక్కడి నుంచే లెక్క.