ఇంటర్ లైబ్రరీ లోన్ మీద పుస్తకాలు నిజంగా వస్తాయా?

కావలి నుంచి పీహెచ్‌డీ తమ్ముడొకరు అడిగారు గదా, కాలేజీలో లేని పుస్తకం వేరే యూనివర్సిటీ నుంచి తెప్పిస్తారా, ఎన్నాళ్ళు పడుతుందని. తెప్పిస్తారు తమ్ముడూ, నేను తెప్పించుకున్నా.

నెల్లూరులో రొయ్యల చెరువుల పక్క పొలాలు ఉప్పుబారడం మీద పనిచేసేటప్పుడు ఒక పాత పుస్తకం కావాల్సొచ్చింది, బయట కొందామంటే దొరకలా. మా లైబ్రరీలో ఫారం రాసిచ్చి వారం ఆగి పోతే ఇంకా రాలేదమ్మా అన్నారు, ఇంకో వారానికీ అదే మాట, పంపేవాళ్ళే లేటేమోలే అనుకున్నా. మూడోసారి గట్టిగా అడిగితే లైబ్రరీలో ఉండే ఆయన టేబుల్ సొరుగు లాగాడు, అటెండెన్స్ రిజిస్టర్ కింద నా ఫారం అట్నే ఉంది, సంతకం కూడా పడలా! కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ళొస్తున్నారని అందరూ ఆ హడావుడిలో ఉన్నారంట. పంపాక మాత్రం ఆరో రోజుకి పుస్తకం వచ్చేసింది, బ్రౌన్ షీట్ చుట్టి పురికొసతో కట్టి. డేట్ స్లిప్ మీద ఆఖరి ముద్ర 2009ది, అంటే నాకు ముందు దాన్ని తీసుకున్నోళ్ళే లేరు అన్నేళ్ళు.

అందుకని నువ్వు ముందే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ ఇండ్‌క్యాట్‌లో వెతుకు, యూనివర్సిటీ లైబ్రరీల పుస్తకాల ఆన్‌లైన్ జాబితా అది, ఏ యూనివర్సిటీలో ఉందో చూసి ఆ పేరు ఫారం మీదే రాయి, వాళ్ళకి వెతికే పని తప్పితే సాకు కూడా తప్పుద్ది. మీ కాలేజీకి డెల్నెట్ మెంబర్‌షిప్ ఉందేమో కనుక్కో, లైబ్రరీలు ఒకదానికొకటి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్ అది, 1988 నుంచి నడుస్తోంది, ఉండీ ఎవరికీ చెప్పని కాలేజీలున్నాయి. పుస్తకం లైబ్రరీ పేరు మీదొస్తుంది గాబట్టి ఇంటికి ఇవ్వకపోవచ్చు, నేను అక్కడే కూర్చుని నోట్స్ రాసుకున్నా. ఒక్క చాప్టరే కావాలంటే స్కాన్ అడుగు. థీసిస్ అయితే ఇదంతా వద్దు, థీసిస్‌లు పెట్టే శోధగంగ సైట్‌లో ఫ్రీగా చూసుకో.

ఇక లైబ్రరీ సర్వీస్ ఎట్టుందో అడగరా అంటే, మా కాలేజీలో ఏడాదికోసారి ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు, లైబ్రరీ బాగుందా, ఐదుకి ఎన్ని మార్కులని. అమెరికాలో లిబ్‌క్వాల్ అని ఒక సర్వే ఉంది, అందులో ఒక్కో ప్రశ్నకి మూడు మార్కులేయాలి, కనీసం ఎంతుండాలి, ఎంతుంటే బాగుంటుంది, ఇప్పుడెంతుంది అని. మా దాంట్లో అట్టా అడిగుంటే కనీసం దగ్గర రాసేదాన్ని, నా ఫారం యాడుందో అడగంగానే చెప్పండి చాలని.

కొరియర్ డబ్బులు రానూపోనూ నేనే కట్టా, నువ్వు ఫారం ఇచ్చేటప్పుడే అడిగి పెట్టుకో.