వాట్లు పెంచితే మొక్కకు కాదు, నాచుకు బలం

ప్రశ్న: గాజు తొట్లలో అక్వేరియం మొక్కలు పెంచి అమ్ముతున్నాను. తొట్ల లోతు 60 సెం.మీ. పాత ట్యూబులైట్లు తీసేసి ఎక్కువ వాట్ల ఎల్‌ఈడీలు పెట్టాను. అయినా రోటాలా, లుడ్విజియా కింది ఆకులు రాలి కాడలు బోసిగా మిగులుతున్నాయి, ఎర్ర రంగు పోయింది. అనుబియాస్ ఆకుల అంచుల్లో నల్లటి నాచు పట్టింది. వెలుతురు చాలడం లేదేమోనని రోజుకు 12 గంటలు లైట్లు వేస్తున్నాను. డీలరు ఊదా రంగు గ్రో లైటు, నాచు మందు కొనమంటున్నారు. చెక్క మొద్దుల వల్ల నీళ్లు కాస్త పసుపుగా ఉంటాయి. పైన అద్దం మూతలు, నీటి మీద అంతరతామర ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ రెండూ కొనడం ఆపండి. మీ తొట్లలో వెలుతురుకు కొరత లేదు. పైన అవసరానికి మించి ఉంది, అడుగుకు చేరడం లేదు. ఈ తేడా పట్టించుకోకుండా వాట్లు, గంటలు పెంచుకుంటూ పోతే పైనున్న కొసలు, నాచు బాగుపడతాయి. కింది ఆకులు అలాగే రాలుతాయి. ఈ రోజు నుంచే టైమర్ పెట్టి లైటును రోజుకు 6 గంటలకు తగ్గించండి. మూడు వారాల పాటు అంతకు మించి ఒక్క గంట కూడా వద్దు.

లైటుకు, అడుగునున్న ఆకుకు మధ్య ఏమేం అడ్డు ఉన్నాయో చూడండి. మొదటిది అద్దం మూత. శుభ్రమైన గాజు కూడా పడే కాంతిలో సుమారు 8 శాతాన్ని తిప్పికొడుతుంది. దాని మీద దుమ్ము, అడుగువైపు ఎండిన నీటి చుక్కల తెల్లటి ఉప్పు పొర చేరితే నష్టం దీనికి ఎన్నో రెట్లు. మూతలను తొట్టి మీద నుంచి తీసి, తెల్ల వెనిగర్ పోసి పావుగంట నాననిచ్చి, రుద్ది, మంచినీళ్లతో కడగండి. వారానికోసారి ఇది తప్పనిసరి. రెండోది అంతరతామర. నీటి పైభాగంలో మూడో వంతుకు మించి ఉండనివ్వకండి, మిగతాది తీసేయండి. మూడోది మీ రోటాలాయే. గుబురుగా పెరిగిన కొసలు తమ కింది ఆకుల మీదే నీడ వేస్తున్నాయి. మీరు లైటు లోపం అనుకున్నది చాలావరకు ఇదే. కొసలను 10-12 సెం.మీ. పొడవున కత్తిరించి, ఒక్కో కాడకు మధ్య 2-3 సెం.మీ. ఎడంతో మళ్లీ నాటండి. బోసిపోయిన పాత కాడలను పీకేయండి, రాలిన ఆకులు వాటికి తిరిగి రావు.

ఇక నీళ్ల సంగతి. స్వచ్ఛమైన నీరు అన్ని రంగుల కాంతినీ ఒకేలా దిగనివ్వదు. నీలి కాంతి (సుమారు 450 నానోమీటర్లు) 60 సెం.మీ. లోతుకు దాదాపు నష్టం లేకుండా వెళ్తుంది. ఎరుపు (680 నానోమీటర్ల దగ్గర) అదే లోతులో సుమారు నాలుగో వంతు ఖర్చైపోతుంది. నీళ్లు తేటగా ఉంటే ఇది కంగారు పడాల్సినంత నష్టం కాదు. మీ నీళ్లు పసుపుగా ఉన్నాయి, చిక్కంతా అక్కడుంది. చెక్క నుంచి దిగే టానిన్లు అనే రంగు పదార్థాలు నీలి కాంతిని మింగేస్తాయి. ఎరుపును నీరు, నీలాన్ని టానిన్లు తగ్గిస్తే అడుగుకు మసక పసుపు వెలుగు మిగులుతుంది. కంటికి అది బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మన కన్ను ఎక్కువగా చూసేది ఆకుపచ్చ-పసుపు కాంతినే.

తెల్లటి బకెట్లో తొట్టి నీళ్లు, పక్క బకెట్లో తాజా నీళ్లు పోసి పోల్చండి. రంగు తేడా కనిపిస్తే రెండు వారాలపాటు వారానికి రెండుసార్లు 30 శాతం నీళ్లు మార్చండి. క్లోరిన్ కలిపిన నీళ్లయితే విరుగుడు వేయకుండా పోయకండి. ఫిల్టర్‌లో 100 లీటర్లకు 50 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ గుడ్డ సంచిలో కట్టి పెట్టి, నాలుగు వారాలకు మార్చండి. కొత్త మొద్దులను తొట్టిలో పెట్టేముందు గంట, రెండు గంటలు ఉడికించండి.

లైటు రకం గురించి. వాటు అనేది కరెంటు ఖర్చు లెక్క, మొక్కకు అందిన కాంతి లెక్క కాదు. లీటరుకు ఇన్ని వాట్లు అనే పాత సూత్రం ట్యూబులైట్ల కాలం నాటిది. ట్యూబు కాంతి చుట్టూ చిమ్ముతుంది, వెనక రిఫ్లెక్టర్ లేకపోతే చాలా భాగం పైకే పోతుంది. ఎల్‌ఈడీ కాంతి ఒకవైపే పడుతుంది కాబట్టి అదే వాట్లకు నీటిలోకి ఎక్కువ దిగుతుంది. అంటే ఎక్కువ వాట్ల ఎల్‌ఈడీతో మీరు పై నీటిని ఒక్కసారిగా ఎండలో పెట్టినట్టయింది. లెన్స్ కోణం కూడా చూడండి. 120 డిగ్రీలదైతే కాంతి వెడల్పుగా పరుచుకుంటుంది. 60 డిగ్రీలది లోతుకు దిగుతుంది, కానీ మూలలు చీకటిగా ఉంటాయి. మీ లోతుకు 90 డిగ్రీల దగ్గరిది చాలు.

ఊదా రంగు లైటు అవసరమే లేదు. 22 రకాల పంట మొక్కల మీద మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త చేసి 1972లో ప్రచురించిన కొలతల్లోనే ఆకుపచ్చ కాంతిని కూడా ఆకు బాగానే వాడుకుంటుందని తేలింది. ఆ లైటు కింద లుడ్విజియా ఎర్రగా కనిపిస్తుంది, అంతే. తెల్ల లైటు కిందికి తెచ్చి చూడండి, తెలుస్తుంది. అసలైన ఎరుపు రావాలంటే కొసకు గట్టి వెలుతురు, తగిన కార్బన్ డయాక్సైడ్, మితమైన నైట్రేట్ కావాలి.

కొలవకుండా ఇంకో లైటు కొనవద్దని గట్టిగా చెబుతున్నాను. వెలుతురు కొలిచే లక్స్ మీటరు ఒకటి కొనండి, మీరు ఇప్పటికే మార్చిన లైట్ల ముందు ఆ ఖర్చు ఎంత? తొట్టి కడగడానికి ఖాళీ చేసినప్పుడు అడుగున మీటరు పెట్టి, మూతతో ఒకసారి, మూత లేకుండా ఒకసారి చూడండి. తేడా 10 శాతం దాటితే మూత మురికిగా ఉన్నట్టే. తెల్ల ఎల్‌ఈడీ కింద వచ్చిన లక్స్‌ను 70తో భాగిస్తే మొక్క వాడుకునే కాంతి ఉజ్జాయింపుగా మైక్రోమోల్స్‌లో వస్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్‌లకు 15-30 చాలు, అంటే 1,000-2,100 లక్స్. రోటాలా, లుడ్విజియాలకు 50 పైన కావాలి. ఊదా లైటు కింద ఈ లెక్క పనిచేయదు, లక్స్ మీటరు కూడా మన కన్నులాగే ఆ రంగులను తక్కువ చేసి చూపిస్తుంది. నీళ్లు నింపాక పక్క అద్దాలు కాంతిని తిరిగి లోపలికే మళ్లిస్తాయి కాబట్టి, నీళ్లు తేటగా ఉంటే అడుగున కాంతి ఖాళీ తొట్టి కొలత కన్నా మరీ పడిపోదు. ఎండ కోరే రకాలను 60 సెం.మీ. అడుగున పెట్టి లైటును తిట్టడం కన్నా, మొక్కల కుండీలను బోర్లించిన ఖాళీ కుండీల మీద పెట్టి నీటిమట్టానికి 25-30 సెం.మీ. కిందికి తీసుకురండి. అనుబియాస్‌ను నీడలోకి జరపండి. నల్ల నాచు పట్టిన ఆకులు బాగుపడవు, మొదలుకంటా కోసేయండి.

50 మైక్రోమోల్స్ దాటించాలంటే కార్బన్ డయాక్సైడ్ ఇవ్వాల్సిందే. ఈ వాయువు నీటిలో గాలిలోకన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. కాంతి ఉండి ఇది అందని ఆకు డీలాపడుతుంది, నాచు ఎక్కుతుంది. లీటరుకు 20-30 మి.గ్రా. ఉండేలా, లైటు వెలిగే గంట ముందు మొదలుపెట్టి, ఆర్పే గంట ముందు ఆపండి. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే వెంటనే ఆపి గాలి పంపు వేయండి. నైట్రేట్ లీటరుకు 10-20, పొటాషియం 10-20, ఫాస్ఫేట్ 1-2 మి.గ్రా. ఉంటే చాలు.

నాచు మందు గురించి కూడా చెప్పాలి. వాటిలో చాలావాటిలో రాగి ఉంటుంది. రొయ్యలు, నత్తలు చస్తాయి, నాచుతోపాటు కొన్ని మొక్కలూ దెబ్బతింటాయి. చచ్చిన నాచు కుళ్లి రాత్రి ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లారి మళ్లీ అదే డీలరు దగ్గరికి ఇంకో సీసా కోసం వెళ్తారు. లైటు, దానివల్ల వచ్చే నాచు, ఆ నాచుకు మందు, మూడూ ఒకే కౌంటర్లో దొరుకుతుంటే ఆ సలహా ఎవరి లాభానికో మీరే ఆలోచించండి.

ఒక్క మాట అడుగుతాను. అమ్మకానికే అయితే ఇవన్నీ నీటిలోనే ఎందుకు పెంచుతున్నారు? అనుబియాస్, క్రిప్టోకోరైన్, రోటాలా, లుడ్విజియాలను వేర్లు తడిలో, ఆకులు గాలిలో ఉంచి, తేమ 80 శాతం పైన ఉన్న షెడ్డులో పెంచితే కార్బన్ డయాక్సైడ్ గాలి నుంచే అందుతుంది, నీటి రంగు గొడవ ఉండదు, నాచు బెడద చాలా తగ్గుతుంది. వాణిజ్య నర్సరీలు చాలావరకు చేసేది ఇదే. నీటిలో దించాక పాత ఆకులు కొన్ని కరిగిపోతాయని కొనేవారికి ముందే చెప్పండి. వాలిస్నేరియా, కబోంబాలకు మాత్రం నీళ్లే కావాలి.

మూడు వారాల తర్వాత కొత్త ఆకులు శుభ్రంగా వస్తుంటే లైటు సమయాన్ని వారానికి అరగంట చొప్పున పెంచుతూ 8 గంటల దగ్గర ఆగండి. మధ్యలో నాచు కనిపిస్తే అరగంట వెనక్కి తగ్గండి.